నలువదడుగుల మిట్టపై శ్యామసుందరుని దండయాత్ర

క్రౌంచద్వీపమున, రమణకవర్షమున, ఐంద్రఖండమున, అనగా అమెరికా పురోహితులు వ్రతసంకల్పమున గుక్క తిప్పుకొనక వల్లించు ఆ భూభాగమున, ఎనుబది, రెండువందల ఎనుబదియేడు అను సంఖ్యానామధేయములు గల రాజమార్గద్వయము పెనవేసికొను చోట, ఒక్క తీరున కట్టిన మూడంతస్తుల వాసగృహములతోడను, ఒక్క తీరున నిలిపిన బూడిదరంగు కార్లతోడను, ఒక్క తీరున ఆవలించు కన్సల్టెంటులతోడను విరాజిల్లు పార్సిప్పనీ అను పట్టణము కలదు. అచట కాపురముండు శ్యామసుందరుడను మహావీరుడు, వేసవి సెలవులు సగము గడచిన జులై మాసమున, అట్లాంటిక్ మహాసాగరమధ్యమున నిప్పులు గ్రక్కి పుట్టిన అజోర్స్ ద్వీపములను స్వయంచోదితశకటమున జయింపబోయి, దారిలో ఒక చిన్న మిట్ట మీద సలిపిన ఘోరసంగ్రామమును చెప్పెదను. ఇది వినిన పుణ్యము వచ్చునని చెప్పను. జరిగినది కనుక చెప్పుచున్నాను.

ఎవ్వడీ శ్యామసుందరుడు? ప్రాతఃకాల స్టాండప్‌సమావేశధురంధరుడు, మ్యూటు తీయుట మరచి పావుగంట అనర్గళముగా ఉపన్యసించిన అఖండవాగ్మి, వీసా ముద్ర దొరకదేమోనను భయమున పదునాలుగేండ్లు ఎల్లలు దాటని స్థిరచిత్తుడు. ఆ వసంతమున పచ్చకార్డు చేతికందగానే ఆతని భుజములు రెండంగుళములు వెడల్పయ్యెను. ఇది మొదటి దిగ్విజయయాత్ర. భార్య ఉమామహేశ్వరి ఒక బ్యాంకున ప్రోగ్రాం మేనేజరు. ఏకైక పుత్రిక ఆద్య పండ్రెండేండ్లది. తండ్రి మాటలలో సగము అర్థము చేసికొని, అందులో సగము నమ్మునది.

ఈ వీరునికి ఒక ప్రగల్భము కలదు. పాట్‌లక్ విందు ఎవరింట జరిగినను, పులిహోర వడ్డన ముగిసి పెరుగన్నము మొదలగు వేళకు అది బయటికి రావలసినదే.

"ఈ ఆటోమేటిక్ కార్లు నడపడం డ్రైవింగేంటి బాస్, సోఫాలో కూర్చోడం. నేను నర్సరావుపేటలో గేర్ బండి మీద నేర్చుకున్నా. రియల్ డ్రైవింగ్ అంటే అదీ."

విన్నవారు తల యూపిరి. వారందరును ఆయా ఊళ్లలో అట్లే నేర్చినవారు కనుక ఎవ్వరును గుచ్చి అడుగలేదు. ఇట్టి మర్యాద వలననే లోకములో అబద్ధములు ముసలివై, గౌరవము పొంది, చివరకు చెప్పినవానికే నిజములై తోచును.

ఉమామహేశ్వరికి ప్రగల్భములు లేవు, ఒక్క కోరిక కలదు. ఆ ద్వీపములలోని ఫుర్నాస్ అను సరస్సు గట్టున నేల నిరంతరము ఉడుకుచుండును. అచటి జనులు గిన్నెలలో మాంసము, కూరలు నింపి, మూత బిగించి, గుడ్డ కట్టి, వేడినేలలో పాతిపెట్టుదురు. పొయ్యి లేదు, గ్యాసు లేదు. మధ్యాహ్నమునకు కొక్కెములతో పైకి లాగిన కూడు సిద్ధము. దీనిని వీడియోలో చూచిన నాటినుండి ఆమె మనస్సున ఒక్కటే నాటుకొనెను: అందులో తన పప్పు ఉడకవలెను. కందిపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, ఒక స్టీలు గిన్నె సూట్‌కేసులోనికి ఎక్కెను.

"అగ్నిపర్వతం మీద ఉడికిన నా పప్పు నేలలోంచి పైకి రావడం నేను కళ్లతో చూడాలండీ. నేను దానికోసమే వస్తున్నా. మిగతా ప్లానంతా మీ ఇష్టం," అని ఆమె ముందే చెప్పెను.

అచటికి టూరు బస్సులు పోవును. శ్యామసుందరుడు బస్సును తృణీకరించెను.

"బస్‌లో వెళ్తే వాళ్లు చూపించిందే చూడాలి. సెల్ఫ్ డ్రైవ్ అయితే అన్నీ కవర్ చేయొచ్చు."

కవర్ చేయుట అనగానేమి? మనవారు ఒక ప్రదేశమును చూడరు, కవర్ చేయుదురు. పర్వతమైనను, జలపాతమైనను, దేవాలయమైనను దాని యెదుట నిలిచి, వీపు త్రిప్పి, ఫొటో దిగి, తరువాతి దానికి ఎంత సమయము పట్టునని అడుగుట కవర్ చేయుట. ఈ శాస్త్రమున శ్యామసుందరుడు పారంగతుడు.

నూవార్క్‌లో విమానమెక్కి, ఆ ద్వీపమున దిగి, అద్దెకార్ల బల్ల కడ నిలువగా, బల్ల వెనుకనున్న యువతి వినయముతో ఇట్లనెను: "ఆటోమేటిక్ రేపు ఉదయం వస్తుంది సర్. ఇప్పుడు మాన్యువల్ మాత్రమే ఉంది. రేపటిదాకా ఆగగలరా?" భార్యాపుత్రికలు వెనుకనే నిలిచి వినుచున్నారు. ప్రగల్భము పండుటకు గాని, కుళ్లుటకు గాని అదియే ముహూర్తము. శ్యామసుందరుడు ఛాతీ విప్పార్చి, "మాన్యువల్ ఈజ్ ఫైన్. ఐ లెర్న్‌డ్ ఆన్ మాన్యువల్," అని సంతకము చేసెను.

ఆ సాయంకాలము విమానాశ్రయమునుండి బసకు పోవు సమతలమార్గమున ఆ ఎఱ్ఱని చిన్నకారు పదునొకండు మారులు ప్రాణము విడిచెను. ప్రతి మరణమునకును వీరుడు ఒక్కటే కారణము చెప్పెను: "బండి కండిషన్ బాలేదు."

మరునాటి ఉదయము ఆరున్నరకు, బస యజమాని మాట సాయముతో, పప్పుగిన్నె పందొమ్మిదవ నెంబరు బిళ్లతో సరస్సు గట్టున నేలలోనికి దిగెను. సరిగా పండ్రెండు గంటలకు పైకి తీయుదుమని అచటి పనివారు చెప్పిరి. ఉమామహేశ్వరి అచటనే కూర్చుండెదననెను. ఆమె మాట వినియున్నచో ఈ కావ్యము లేదు.

"ఐదున్నర గంటలు ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం ఉమా? రెండు వ్యూ పాయింట్స్ కవర్ చేసి లెవెన్ థర్టీకల్లా వచ్చేద్దాం."

వారు కవర్ చేసిరి. మొదటి వ్యూ పాయింటున పొగమంచు కనబడెను. రెండవదానియందు అదే పొగమంచు మఱియొక వైపునుండి కనబడెను. రెండింటియెదుటను ఫొటోలు దిగిరి. తిరుగుప్రయాణమున ఫోను ఎనిమిది నిముషములు కలిసివచ్చు అడ్డదారి యొకటి చూపగా వీరుడు దానిలోనికి బండి త్రిప్పెను. ఇరువైపుల నల్లరాతి గోడలు, గోడలకావల పచ్చికమేయు ఆవులు, నడుమ ఒక్క బండి పట్టు సందు. ఆ సందు చివర, హఠాత్తుగా ఆకసమునకు లేచిన ఒక మిట్ట. పొడవు నలువదడుగులు. అచటి పాలవారు దినమునకు నాలుగు మారులు పాటలు వినుచు ఎక్కిపోవునది. ఆ మిట్ట దాటిన వెంటనే సరస్సు, సరస్సు గట్టున పొగలు. అప్పటికి పదునొకండు గంటల పండ్రెండు నిముషములు.

మిట్ట మొదట గేరు మార్చబోయి వీరుడు వామపాదమును దిగ్గున లేపెను. బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చెను. మరల బ్రదికించెను, మరల చచ్చెను. మూడవమారు ఇంజిను దిక్కులు పిక్కటిల్ల ఘూర్ణిల్లినను, బండి మాత్రము ముందుకు బోవుట మాని, భూమ్యాకర్షణమహాదేవికి లొంగి, మెల్లమెల్లగా వెనుకకు జారుటకారంభించెను. ప్రచండ క్లచ్చుదహనధూమగంధము నాసికలనుండి మెదడునకెక్కెను. వీరుని కన్ను పార్కింగు కొరకు 'పి' అను అక్షరమును వెదకెను. పదునాలుగేండ్లు ఆతనిని కాపాడిన ఆ అక్షరము ఆ గేరుకఱ్ఱ మీద లేదు. ప్రక్కన చేతిబ్రేకు కలదు. దానిని ఆతడు జన్మములో ముట్టియెఱుగడు. పిల్లిని పట్టుకొన్నట్లు పట్టుకొని, రెండు టక్కుల మేర లాగి, చాలుననుకొనెను.

అంతట ఆతడు శిరమెత్తి, "ఓసి పాషాణహృదయా, ఓసి లావాప్రసూతా, ఇట్టి మిట్టలను వేయింటిని నా ఎడమకాలితో త్రొక్కినవాడను, దారి విడువుము" అని గర్జించెను. అది ఆతని హృదయమున వినబడిన పాఠము. నోటినుండి వెడలినది ఇది:

"బండిలో ఏదో ప్రాబ్లెం ఉంది ఉమా."

"నాన్నా, ఏదో బర్న్ అవుతుంది. స్మెల్ వస్తుంది," అని వెనుకసీటునుండి ఆద్య పలికెను. "వెనక ట్రక్ ఉంది. ఆ ఆంటీని హెల్ప్ అడుగుదామా?"

నిజమే. పాలక్యానులతో నిండిన ఒక పాత చిన్నట్రక్కు వెనుక వచ్చి నిలిచియుండెను. దాని చోదకురాలు డెబ్బదియేండ్ల ముదుసలి. తలకు గుడ్డ, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆమె హారను కొట్టలేదు. ఎఱ్ఱకారు ఒక అడుగు వెనుకకు జారినప్పుడెల్ల ఆమె ఒంటిచేతితో ట్రక్కును ఒకటిన్నర అడుగు వెనుకకు దింపి, మిట్టమీదనే, దారమునకు కట్టినట్లు నిలిపెడిది. మూడవమారు అట్లు నిలిపి, దిగివచ్చి, గోడమీద కూర్చుండి నారింజపండు ఒలుచుకొనసాగెను. ఆ మహావీరుని మహాయుద్ధమునకు లోకమిచ్చిన విలువ ఒక నారింజపండు.

"అక్కర్లేదు, నేను చూసుకుంటా," అనెను శ్యామసుందరుడు.

చూచుకొనెను. పదునొకండు ముప్పదివరకు చూచుకొనెను. తొమ్మిదిమార్లు చచ్చి, ఆరడుగులు పోగొట్టుకొనెను. అంత ఉమామహేశ్వరి తలుపు తీసి దిగి, గోడప్రక్క రాలియున్న ఒక నల్లని అగ్నిశిలను రెండుచేతుల ఎత్తి తెచ్చి, వెనుకచక్రము క్రింద పెట్టెను. రాయి గుండ్రనిది, దానికి తన బూటును అడ్డుపెట్టి నిలిచెను. బండి జారుట మానెను.

ఆమె ఆ చోటనుండి మిట్టపైన లేచు పొగలను చూచెను. గడియారమును చూచెను. నడచిన పదునైదు నిముషములు; ఇప్పుడు బయలుదేరినచో గిన్నె లేచువేళకు చేరును. కాని ఆమె కాలు తీసినచో రాయి దొర్లును, బండి జారును, వెనుక పాలట్రక్కు కలదు, బండిలో బిడ్డ కలదు. పార్సిప్పనీనుండి రెండువేలకుపైగా మైళ్లు దేనికొరకు వచ్చెనో అది అటుప్రక్క కలదు. తన బూటు ఇటుప్రక్క రాతికి ఆని కలదు.

"ఆద్యా, నువ్వు దిగి గోడ దగ్గర నుంచో," అనెను. బిడ్డ దిగెను. ఉమామహేశ్వరి మాత్రము కాలు తీయలేదు.

అద్దములో శ్యామసుందరుడు అది చూచెను. భార్య ముఖమున కోపము లేదు. పొగలవంక చూచి చూపు మరల్చుకొనిన తీరు మాత్రము కలదు. నేనీ వీరుని గూర్చి మంచిమాట యొక్కటియు చెప్పననుకొంటిని. కాని ఆ క్షణమున ఆతడు ఇంజినును మరల బ్రదికింపబోయి మానుకొనెను. పదునాలుగేండ్ల పాట్‌లక్కులు, పులిహోరలు, తల యూపిన బంధుమిత్రులు అందఱును ఆతని యెదుట అడ్డునిలిచిరి. ఆ మిట్టకన్న ఎత్తయిన మిట్ట అది. ఎట్టకేలకు కిటికీలోనుండి తల బయటపెట్టెను.

"ఉమా."

"చెప్పండి."

"నాకు క్లచ్ రాదు."

ముదుసలి నారింజతొన ఒకటి నోట వేసికొనెను.

"రాదంటే?"

"నర్సరావుపేట డ్రైవింగ్ స్కూల్ కార్‌లో మాస్టారి వైపు కూడా క్లచ్చు, బ్రేకు ఉండేవి. ఆయనే తొక్కేవాడు. నేను స్టీరింగ్ పట్టుకునేవాణ్ణి. లైసెన్స్ టెస్ట్ రోజు కూడా ఆయనే పక్కన కూర్చున్నాడు." స్టీరింగును చూపి, "అన్నాళ్లూ నేనే నడుపుతున్నాననుకున్నా," అనెను.

"ఈ ముక్క నిన్న కౌంటర్ దగ్గర చెప్పుంటే, ఆటోమేటిక్ వచ్చేదాకా హాయిగా హోటల్లో పడుకునేవాళ్లం కదండీ."

"సిగ్గేసింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ వేస్తోంది."

ఉమామహేశ్వరి చక్రము క్రింది రాతివంక చూచెను. ఆమె చిన్ననాట శ్రీశైలము ఘాటురోడ్డున బస్సు కిటికీనుండి చూచిన ఒక దృశ్యమును జ్ఞప్తికి తెచ్చుకొనెను: సరుకులారీ మూల్గుచు ఎక్కుచుండ, క్లీనరు కఱ్ఱదుంగ పట్టుకొని వెంట నడచుచు, లారీ ఆగినచోటనెల్ల చక్రము క్రింద దుంగ వేయుచు పోవుట. ప్రోగ్రాం మేనేజర్లు పెక్కురకు ఈ విద్య తెలియదు.

"ఒక్క అడుగు ముందుకి వెళ్తే చాలు. ఆగిపోతే ఆగిపోనీండి, నేను రాయి పెడతా. మళ్లీ స్టార్ట్ చేయండి. కంగారు పడొద్దు. పోనీండి."

అప్పుడు ఆరంభమయ్యెను అసలు సంగ్రామము. ఆ నలువదడుగుల రణరంగమున, గర్జించుచు, దగ్గుచు, చచ్చుచు, లేచుచు, ఒకమారు అడుగు, ఒకమారు అరయడుగు, ఒకమారు ఏమియు లేక, ఆ రక్తవర్ణరథము పైకి ప్రాకుచుండ, ఆ మహాసాధ్వి ప్రక్కగా నడచుచు, "పోనీ, పోనీ, ఆ... ఆపండి," అని కేకవేయుచు, వంగి రాయి జరుపుచు, లేచి నడుము పట్టుకొనుచు, బ్యాంకు అంతస్తులలో ఏ సమీక్షాసమావేశమునను చూపని ఏకాగ్రతతో ఆ బండిని అంగుళములలెక్కన కొండకెక్కించెను. ఆద్య గోడవెంట నడచుచు, "క్లచ్ స్లోగా వదలాలి నాన్నా, ఫోన్‌లో వీడియోలో చెప్తున్నాడు. హాఫ్‌లో ఆపి వెయిట్ చెయ్యాలంట," అని గురూపదేశము చేసెను. ముదుసలి ట్రక్కునెక్కి, ఐదడుగుల యెడముతో, ఊరేగింపు వెనుక వచ్చు చుట్టమువలె నెమ్మదిగా అనుసరించెను.

ఇరువదిమూడుమార్లు ఇంజిను ఆగెను. మిట్ట ముగిసెను. గంట పండ్రెండును తొమ్మిది నిముషములు.

శిఖరమున నిలిచి చూడగా, క్రింద గట్టున పనివారు చివరిగిన్నెను పైకి లాగి ప్రక్కన పెట్టుచుండిరి. బస్సులలో వచ్చినవారు చప్పట్లు కొట్టుచుండిరి. ఉమామహేశ్వరి రాయి పట్టుకొని నిలిచి చూచెను. కారు ఇంకను వెనుకకు జారజూచుచునే ఉండుటచేత ఆమె రాయి వదలలేదు. అంతలో ముదుసలి ట్రక్కు దిగి వచ్చి, కిటికీలోనుండి చేయి దూర్చి, శ్యామసుందరుడు రెండు టక్కులు లాగియుంచిన చేతిబ్రేకును పట్టుకొని, మఱి నాలుగు టక్కులు పైకి లాగెను. కారు గోడకు కట్టినట్లు నిలిచెను. రాయి అక్కఱ లేకపోయెను. మొదటినుండియు అక్కఱ లేదు. ముదుసలి చేతులు దులుపుకొని, తన ట్రక్కునెక్కెను. ఆ ద్వీపమున వీరునికి జరిగిన పట్టాభిషేకము ఇంతమాత్రమే.

గట్టునకు దిగునప్పటికి పందొమ్మిదవ గిన్నె ఒంటరిగా బల్లమీద నుండెను. ఉమామహేశ్వరి గుడ్డ విప్పి, మూత తీసి, గరిటె ముంచెను. లోపల పప్పు గింజ గింజగా, పొందికగా, ప్రయాణమున బయలుదేరిన నాటివలెనే ఉండెను. ఆమె ఒక్క గింజ పంటి క్రింద పెట్టెను, కటుక్కుమనెను. ఎట్లుడుకును? పెండ్లియైన నాటినుండి ఆమె పప్పు కుక్కరులోనే నాలుగు కూతలకు ఉడికినది. అగ్నిపర్వతమునకు కూత వేయుట తెలియదు, ఆమెకు నానబెట్టుట తోచలేదు.

పనివాడు చూచి, వ్రేళ్లతో రెండు గంటలని చూపి, తిరిగి పాతమందువా అని సైగచేసెను.

"పాతండి," అనెను ఆమె తెలుగులోనే. ఆతనికి అర్థమయ్యెను. గిన్నె మరల నేలలోనికి దిగెను. ఆమె ఆ గుంట ప్రక్కన బూట్లు విడిచి కూర్చుండి, "ఈసారి ఎవరైనా ఏదైనా కవర్ చేద్దామంటే, వాళ్లనే ఇందులో పాతిస్తా," అని భర్త ముఖము చూడకయే చెప్పెను.

ఆ రెండుగంటలు శ్యామసుందరుడు ఏమి చేసెను? సరస్సు ప్రక్కన, బస్సులు వెడలిపోయిన సమతలమైన పార్కింగు స్థలమునకు బండిని తీసికొనిపోయి, ప్రక్కసీటున ఆద్యను కూర్చుండబెట్టుకొని, ఒక తెల్లగీతనుండి మఱియొక తెల్లగీతకు పోవుటకు యత్నించెను. చచ్చెను. మరల యత్నించెను. చచ్చెను. ఎవ్వరికిని బండి కండిషను గూర్చి చెప్పలేదు. ఆ రెండుగంటలు నిండుచుండగా, ఎడమపాదము సగములో ఆగి, నిరీక్షించి, శిశువును తొట్టిలో దింపినట్లు క్లచ్చును విడువగా, ఆ రక్తవర్ణరథము కుదుపు లేక, దగ్గు లేక, ఎనిమిదడుగులు ముందుకు పోయి, తెల్లగీత దాటి నిలిచెను. ఇంజిను ఆగలేదు.

"ఆగలేదు," అనెను ఆద్య.

"ఆగలేదు," అనెను ఆతడు.

సరిగా అదే సమయమున అవతల కొక్కెములు నేలలోనికి దిగెను. ఆవిరి గుప్పున లేచెను. ఉమామహేశ్వరి లేచి నిలుచుండి, రెండుచేతులు నోటికి అడ్డుపెట్టుకొని, తన పప్పు భూగర్భమునుండి పైకి వచ్చుటను రెప్పవేయక చూచెను. వెనుక జరిగిన ఎనిమిదడుగుల మహాజైత్రయాత్రను ఆమె చూడలేదు. పప్పు మెత్తగా ఉడికినది. గంధకపు వాసన కొంచెము వేసినది. ముగ్గురును బల్లమీద కూర్చుండి, అన్నము లేదు కనుక రొట్టెతో తినిరి. తినునంతసేపు శ్యామసుందరుడు ఆ ఎనిమిదడుగుల సంగతి భార్యకు చెప్పలేదు. తిరిగి వచ్చిన తరువాత పార్సిప్పనీ పాట్‌లక్కులలోను, పెరుగన్నము వేళ, ఎవరెంత రెట్టించినను చెప్పలేదు. ఆతడు జన్మములో ఎవ్వరికిని చెప్పుకొనని విజయము అదియొక్కటే కనుక, ఇష్టము లేకపోయినను, నేను చెప్పవలసివచ్చినది.